పాత కేసు రాయాలా, వద్దా?

తమ్ముడూ, పదేళ్ల నాటి డ్రంక్ డ్రైవింగ్ కేసు కోర్టు రికార్డుల్లోంచి తీసేశారు, ఇప్పుడు అమెరికా సిటిజన్‌ని, డిఫెన్స్ కాంట్రాక్టు ఉద్యోగానికి సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూసేందుకు ప్రభుత్వ అనుమతి) అడుగుతున్నారు, ఫారంలో రాయాలా అని అడిగావు. రాయి. ఆ క్లియరెన్స్ ఫారం ఎస్‌ఎఫ్-86లో పోలీసు కేసులకు మామూలుగా ఏడేళ్ల లెక్క ఉంది గానీ, మందు, డ్రగ్స్ కేసులైతే "ఎప్పుడైనా" అని అడుగుతారు. కొట్టేసినా, సీల్ చేసినా మందు కేసు రాయాల్సిందే. పైగా సిటిజన్‌షిప్ కోసం ఎన్-400 ఫారం నింపినప్పుడు అరెస్టుల సంగతి అక్కడా అడిగే ఉంటారు. అందులో ఏం రాశావో ముందు బయటికి తీసి చూసుకో. రెండు ఫారాల్లో రెండు కథలుంటే కేసు కంటే అదే పెద్ద తలనొప్పి.

నాకూ ఒక డ్రంక్ డ్రైవింగ్ కేసుంది. క్లియరెన్స్ ఇచ్చేముందు వివరాలు విచారించే ఇన్వెస్టిగేటర్ ఎదురుగా కూర్చుని, ఆ రాత్రి ఎంత తాగారని అడిగాడు. "రెండు బీర్లు" అని నోరు జారింది. మనవాళ్లందరి లెక్కా రెండు బీర్లే కదా! వెంటనే నాలుక కరుచుకుని, "కాదు సార్, ఐదు" అన్నాను. ఆయన రాసుకుని, అప్పుడు ఫైలు తెరిచాడు. రక్తంలో మద్యం 0.14 శాతం అని పోలీసు రిపోర్టు అందులోనే ఉంది. వాళ్లు బయటపెట్టక ముందే సరిదిద్దుకున్నాను కాబట్టి బతికిపోయాను.

క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి 2017 నుంచి అమల్లో ఉన్న పదమూడు మార్గదర్శకాల్లో మద్యానికి 'జి', నేరాలకు 'జె', అబద్ధాలకు 'ఇ'. నా లెక్కలో ఎక్కువమందిని ముంచేది 'ఇ'యే. ఎప్పుడో జరిగిన ఒక్క కేసుని ఎంతకాలమైంది, ఇప్పుడెలా ఉన్నావు అని చూసి వదిలేసే వీలుంది. రెండు మూడుంటే మాత్రం అలవాటు మారిందని కాగితాలతో చూపాలి. కోర్టు తీర్పు సర్టిఫైడ్ కాపీ, ఫైన్ రసీదు, ఆల్కహాల్ క్లాసుల సర్టిఫికెట్ ఇప్పుడే తెప్పించి పెట్టుకో. అభ్యంతరాలు రాస్తూ నోటీసు వస్తే, కాంట్రాక్టు ఉద్యోగులకు జవాబివ్వడానికి 20 రోజులే గడువు. అప్పుడు మాత్రం లాయర్ ఖర్చుకి వెనకాడకు.

హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు ఈ క్లియరెన్స్ గొడవే లేదు, అది సిటిజన్లకే. కానీ తాగి నడిపి అరెస్టయితే, శిక్ష పడకముందే వీసా రద్దు చేసే వీలుంది. ఉబర్‌కి ముప్పై డాలర్లు దండగనుకునే మా కుర్రాళ్లకి ఈ ముక్క చెప్పు.