కెనాల్ డ్యు మిడి: లాకులు లేని చోట బోటెక్కండి

ఫ్రాన్స్‌లోని కెనాల్ డ్యు మిడి కాలువ మీద అద్దె బోటులో తిరగాలనుంది కానీ బోటు నడిపే లైసెన్స్ లేదు, పెద్దవాళ్లతో తాళ్లు పట్టుకుని లాకులు (నీటిమట్టం మార్చి బోటుని ఎక్కించి దించే గేట్లు) దాటలేం, ఏప్రిల్‌లో వారమే ఉంది అన్నారు కదండీ, అయితే తులూజ్ నుంచి 240 కిలోమీటర్లూ తిరిగేద్దామన్న ఆలోచన మానేయండి. అర్జాన్స్ లాకు దాటాక బెజియే దగ్గర ఫోన్సెరాన్ మెట్ల లాకుల దాకా దాదాపు 54 కిలోమీటర్లు మధ్యలో ఒక్క లాకూ లేదు, లె సొమాయ్‌లో బోటెక్కి కాపెస్తాంగ్ మీదుగా కొలొంబియే దాకా వెళ్లి రండి, హాయిగా ఉంటుంది. అద్దె బోటుకి లైసెన్స్ అక్కర్లేదు, వాళ్లే నేర్పిస్తారు, స్పీడ్ ఎలాగూ గంటకి 8 కిలోమీటర్లే. కాపెస్తాంగ్ వంతెన మాత్రం బాగా కిందికుంటుంది, బోటు మీది ఎండ గొడుగు ముందే మడిచేసి పైన కూర్చున్నవాళ్లని కిందికి దింపేయండి. 1679 నాటి మల్పాస్ సొరంగంలో ఒక బోటే పడుతుంది, ఎదురుగా ఎవరూ రావట్లేదని చూసుకునే దూరండి. నీడ మీద ఆశలొద్దు, గట్ల మీద నీడనిచ్చే ప్లేన్ చెట్లకి ఫంగస్ తెగులొచ్చి వేలల్లో కొట్టేశారు, టోపీలు పట్టుకెళ్లండి.