జోస్యం చెప్పే టారో కార్డుల్లో ‘వేలాడే మనిషి’ వస్తే ఓటమేనా? లొంగిపోతే శాంతి ఎట్లా వస్తుంది?

ఓటమి కాదు, టారోలో 12వ కార్డు ‘వేలాడే మనిషి’ చెప్పేది మన చేతిలో లేనిదానితో పెనుగులాట ఆపమని. 1909లో వచ్చిన రైడర్-వెయిట్ అనే టారో కార్డుల్లో అతను ఒక కాలితో తలకిందులుగా వేలాడుతుంటాడు, అయినా ముఖం ప్రశాంతం, తల చుట్టూ కాంతివలయం. దీన్ని ఉరి అనుకుని భయపడేవాళ్లున్నారు. తాడు ఉన్నది కాలికి, మెడకు కాదు. చావు కార్డు వేరే, అది 13వది.

పాతకాలపు చైనా తత్వమైన తావో చింతనలోని ‘వూ వెయ్’ కూడా దీనికి దగ్గరే: సహజంగా సాగేదాన్ని బలవంతంగా తిప్పబోకుండా దాని వెంట నడవడం. మనసును ఎక్కువగా అలసగొట్టేది కష్టం కన్నా, ‘ఇట్లా జరగొద్దు’ అంటూ దానితో పట్టే కుస్తీ. అది ఆగినంత మేరకు నెమ్మది.

నల్లగొండ బత్తాయి రైతు పూత కోసం కొన్నాళ్లు తోటకు నీళ్లు ఆపి బెట్టకు వదులుతాడు. ఆకు వాడుతున్నా మోటరు వేయడు. అట్లని తర్వాత తడి, ఎరువు మానడు. చాలామంది పొరపడేది ఇక్కడే, లొంగడమంటే ‘అంతా తలరాత’ అని కూర్చోవడం అనుకుంటారు. లొంగడమంటే అది కాదు, అన్యాయాన్ని భరించమనీ కాదు.

ఇంకోటి: టారో, తావో రెండూ ఒకే మూలం నుంచి రాలేదు. టారో 15వ శతాబ్దపు ఇటలీలో పేకాటగా పుట్టింది. తావో చింతన అంతకు వెయ్యేళ్లకు పైగా ముందటి చైనాది.