గుడ్డి గవ్వ

ప్రశ్న: అమ్మా, మా చెల్లికి చూపు పోయి రెండేళ్లయింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ “దేవుడు కళ్లు తీసుకుని మనోనేత్రం ఇచ్చాడు” అంటుంటే దానికి ఒళ్లు మండిపోతోంది. ఇప్పుడు మా కిరాణా కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటానంటోంది. ఎవరైనా మోసం చేస్తారేమోనని నాకు టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక అన్నయ్య, తెనాలి

జవాబు: నాకు పుట్టుకతోనే చూపు లేదు బాబూ. అరవై దాటాయి, ఆ మనోనేత్రం ఇంకా తెరుచుకోలేదు. తెలిసిందల్లా వేళ్లు నేర్పిందే.

నోట్ల సంగతే చూడు. పాత వందకీ పాత అయిదొందలకీ పొడవులో సెంటీమీటరు తేడా. పర్సులోంచి తీస్తుండగానే తెలిసిపోయేది. 2016 నోట్ల రద్దు తర్వాత కొత్తవి వచ్చాయి. ఇప్పటి అయిదొందలు 150 మిల్లీమీటర్లు, రెండొందలు 146. వెడల్పు ఒకటే. అంటే తేడా బియ్యపుగింజంత కూడా లేదు! వంద మీద త్రికోణం, అయిదొందల మీద గుండ్రం ఉబ్బెత్తుగా వేశారు, నిజమే. కొత్త నోటు మీద బాగానే తగులుతాయి. చేపల మార్కెట్లో నాలుగు చేతులు మారాక తడిమి చూడు. రెండొందలనుకుని అయిదొందలు ఇచ్చేసి వచ్చిన రోజున నన్ను అందరూ “చూసుకోవద్దూ” అన్నారు. నోటు చేసినవాళ్లని ఒక్కరూ ఏమీ అనలేదు. పైగా పనికిరాని గవ్వకి మనవాళ్లు పెట్టిన పేరు గుడ్డి గవ్వ!

రిజర్వ్ బ్యాంకు 2020లో ‘మణి’ అనే యాప్ తెచ్చింది. ఫోను కెమెరా ముందు పెడితే ఎంత నోటో చెబుతుంది. ఇంట్లో బాగుంటుంది గానీ, సాయంత్రం బేరాల వేళ కుదరదు. ఓ అట్టముక్కకి ఒక్కో నోటు పొడవు దగ్గర గాటు పెట్టివ్వు. గల్లాపెట్టెలో నోటుకో అర చేయించు. నేనైతే రెండొందలు నిలువుగా, అయిదొందలు అడ్డంగా మడిచి పెట్టుకుంటా. ఫోన్లో పంపిన డబ్బు పడితే స్పీకరు ఎలాగూ అరుస్తుంది. అది చూపున్న కొట్లవాళ్ల కోసం వచ్చిందే, ఎవరికీ అది జాలిగా అనిపించదు చూడు.

మోసం సంగతి మీ చెల్లి చూసుకుంటుంది. నువ్వు మాత్రం ఆమెకి చెప్పకుండా ఉల్లిపాయల బస్తా దారిలో దించకు.