మిల్లు మూసిన నెలల్లో భృతి ఎవరికి వస్తుంది?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. నేను నవంబర్ నుంచి మార్చి దాకా వరంగల్‌లో ఒక జిన్నింగ్ మిల్లులో (పత్తి నుంచి గింజలు వేరుచేసే మిల్లు) పని చేస్తాను. మా ఆవిడ మూడేళ్లుగా హన్మకొండలో ఒక బట్టల షోరూంలో రోజూ ఒక పూట పని చేస్తోంది. జీతం 9,000, అందులోంచి ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) చందా కట్ అవుతుంది. మిల్లు మూసేశారు. ఆమెనూ వచ్చే నెల నుంచి రావద్దంటున్నారు. మాకు నిరుద్యోగ భృతి వస్తుందా?

జవాబు: మీ ఆవిడకు వచ్చే అవకాశం బాగా ఉంది. ఒక్క జాగ్రత్త మాత్రం ఇప్పుడే తీసుకోండి. షోరూం వాళ్లు రాజీనామా రాసిమ్మంటే రాయవద్దని చెప్పండి. తనంతట తాను తప్పుకున్నట్టు రికార్డయితే ఈఎస్ఐ భృతి చేజారుతుంది. లెక్క తేల్చే తొందరలో చాలామంది చదవకుండానే సంతకం పెట్టేస్తారు, నాకు బాధ కలిగించేది అదే. పనిలోంచి తీసేస్తున్నట్టు కాగితం అడిగి తీసుకోవాలి.

ఈఎస్ఐ భృతి ఇచ్చే పథకం పేరు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. 2018 జులైలో మొదలైంది. అప్పుడు సగటు రోజు కూలీలో 25 శాతం ఇచ్చేవారు, 2020లో 50 శాతం చేశారు. ఆ పెంపు గడువును పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి దరఖాస్తు పెట్టే ముందు ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో ఒకసారి అడగండి. ఆమె రోజు లెక్క 300 అనుకుంటే రోజుకు 150. గరిష్ఠంగా 90 రోజులకు 13,500. జీవితంలో ఒక్కసారే ఇస్తారు.

ఒంటిపూట పని అని టెన్షన్ పడొద్దు. చూసేది గంటలను కాదు, జీతం పడిన రోజులను. రెండేళ్లుగా ఈఎస్ఐలో ఉండాలి. పని పోవడానికి ముందటి ఆరు నెలల చందా కాలంలో 78 రోజులు, అంతకుముందు మూడు చందా కాలాల్లో ఏదో ఒకదానిలో మరో 78 రోజులు చందా కట్టి ఉండాలి. వారానికి మూడు రోజులు చేసినా 26 వారాలకు 78 అవుతాయి, రోజూ వెళ్లే ఆమెకు ఇబ్బందే లేదు. పని పోయిన 30 రోజుల తర్వాత క్లెయిమ్ పెట్టొచ్చు, యజమాని సంతకం కోసం తిరగనక్కర్లేదు. ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు ఇప్పుడే సరిచూసుకోండి.

మీ సంగతి వేరు. పత్తి జిన్నింగ్, ప్రెసింగ్ మాత్రమే చేసే మిల్లులను చట్టం సీజనల్ ఫ్యాక్టరీలుగా లెక్కగట్టి ఈఎస్ఐ నుంచి బయట పెట్టింది. వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తి మీద ఇంతమంది బతుకుతున్నప్పుడు ఇది అన్యాయమని నా అభిప్రాయం. మీ కూలీలో ఈఎస్ఐ కోత లేకపోతే ఆ భృతి మీకు రాదు.

మీకు మిగిలిన దారి ఉపాధి హామీ. పని కావాలని పంచాయతీలో రాసిచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకోండి. 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని చట్టంలోనే ఉంది. నోటితో అడిగితే రుజువు ఉండదు. జాబ్ కార్డులో మీ ఇద్దరి పేర్లూ ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి. ఆమె డబ్బు చేతికి రావడానికి నెల పైనే పడుతుంది, అందాకా మిత్తికి అప్పు తేకుండా ఆ కూలీతో నెట్టుకురండి.