మాక్రో రాయబోయే మేనల్లుడికి

పాలకొల్లు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

భీమవరం దగ్గర రొయ్యల మేత కర్మాగారంలో నీకు అప్పగించిన పని గురించి మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంచులను ప్యాలెట్ మీద పేర్చే ఫానుక్ అనే కంపెనీ రోబో ఒకటి. దానికి ఇంతకుముందు ముగ్గురు రాసిన ప్రోగ్రాములు. గ్రిప్పరు, అంటే సంచిని పట్టుకునే చేయి, మూసే ఆదేశాల వరుసలు ఒక్కో ప్రోగ్రాములో ఒక్కో తీరుగా ఉన్నాయట. వాటిని మాక్రోలుగా మార్చాలనుకుంటున్నావని విని సంతోషించాను. మొదలుపెట్టే ముందు ఈ ఉత్తరం ఒకసారి చదువు.

మాక్రో కూడా మామూలు ప్రోగ్రామే. దానికి పేరు పెట్టి మాక్రో పట్టికలో చేర్చితే ఒక్క వరుసతో పిలవవచ్చు, పెండెంట్ (చేత్తో పట్టుకుని రోబోను నడిపే పలక) మీది మీటకో, బయటి నుంచి వచ్చే ఇన్‌పుట్‌కో ముడిపెట్టవచ్చు. ఇదంతా నీకు తెలుసు. ఏ పనిని మాక్రో చేయాలన్న దగ్గరే చాలామంది తడబడతారు. గ్రిప్పరు తెరవడం, మూయడం, సంచి ఉందో లేదో చూడడం వంటివి మాక్రోలుగా చెయ్యి. సంచిని ఎత్తి ప్యాలెట్ దాకా తీసుకెళ్లే దారిని మాత్రం మాక్రోలో దాచకు. రాత్రి రెండు గంటలకు రోబో ఆగిపోయినప్పుడు, ప్రధాన ప్రోగ్రాము తెరిచిన మనిషికి ఆ దారి కళ్ల ముందు కనబడాలి.

ముందుగా గ్రిప్పరు మూసే మాక్రో సంగతి. గాలి వదిలే వాల్వుకు అవుట్‌పుట్ ఇచ్చి, అర సెకను ఆగి, ముందుకు సాగిపోయే పద్ధతి చాలాచోట్ల చూశాను. మే నెల ఎండల్లో అది చక్కగానే నడుస్తుంది. ముసురు పట్టిందంటే మన డెల్టా గాలిలోని తేమ కంప్రెసర్‌లో నీరై గాలి గొట్టాల్లోకి దిగుతుంది. వాల్వు పట్టేస్తుంది, గ్రిప్పరును కదిపే సిలిండరు మందగిస్తుంది, అర సెకను చాలదు. రోబోకు అదేమీ తెలియదు కాబట్టి సగం పట్టిన సంచితోనే పైకి లేస్తుంది. అందుకని గడియారాన్ని నమ్మకు. సిలిండరు మీద ఉండి, అది పూర్తిగా కదిలిందని తెలిపే రీడ్ స్విచ్ నుంచి ఇన్‌పుట్ వచ్చేదాకా ఆగమని రాయి. దానికి టైమవుట్ పెట్టి, గడువు దాటితే యూజర్ అలారంతో (మనమే రాసిపెట్టే హెచ్చరిక) రోబోను ఆపు. ఇంకో మాట: గ్రిప్పరు మూసుకున్నంత మాత్రాన సంచి చేతికి వచ్చినట్టు కాదు. సంచిని చూసే సెన్సారును వేరుగా అడగాలి. కంప్రెసర్ ట్యాంకు నీళ్లు రోజూ వదులుతున్నారో లేదో కూడా కనుక్కో.

మీ తాతయ్య పశ్చిమ డెల్టా కాలువ మీద లస్కరుగా పనిచేసిన రోజుల్లో, తూము తలుపు ఎత్తి అటునుంచి అటే ఇంటికి వచ్చేసేవారు కాదు. గట్టు వెంట నడిచి వెళ్లి, పంట బోదెలోకి నీరు ఎక్కిందని కళ్లతో చూసుకున్నాకే వెనుదిరిగేవారు. చిన్నప్పుడు ఆయన వెంట చాలాసార్లు నడిచాను. ఆ అలవాటునే నా మాక్రోల్లో పెట్టుకున్నాను.

ఇక రిజిస్టర్ల గురించి. ఇక్కడ నేను పెద్ద దెబ్బ తిన్నాను కాబట్టి వివరంగా రాస్తున్నాను. రిజిస్టర్లు, అంటే రోబో అంకెలు దాచుకునే గదులు, ఊరుమ్మడి చెరువు లాంటివి. ఏ ప్రోగ్రాము ఏ అంకె రాసినా అందరికీ అదే కనిపిస్తుంది. పాతికేళ్ల కిందట ఒక కర్మాగారంలో నేను రాసిన మాక్రో, గ్రిప్పరు మొదటిసారి పట్టకపోతే మళ్లీ ప్రయత్నించేది. ఎన్నోసారో లెక్కపెట్టడానికి 5వ రిజిస్టరు వాడాను. ప్రధాన ప్రోగ్రాము అదే రిజిస్టరులో ప్యాలెట్ మీద ఎన్నో వరస పేరుస్తున్నామో దాచుకుంటోంది. పట్టు తప్పినప్పుడు మాత్రమే నా మాక్రో దాన్ని ముట్టుకునేది. అందుకే పరీక్షల్లో బయటపడలేదు, మూడు వారాలు నిక్షేపంగా నడిచింది. ఒక రాత్రి ఆరో వరస పేరుస్తుండగా పట్టు ఒకసారి తప్పింది. రిజిస్టరులో 6 పోయి 1 చేరింది. రోబో మొదటి వరస ఎత్తుకు దిగబోయి పేర్చిన సంచుల మీద పడింది. గ్రిప్పరు వంగింది, సంచులు చిరిగాయి. ఆ వేళకు లోపల మనిషి లేడు, దేవుడి దయ.

కాబట్టి మాక్రోలకు కొన్ని రిజిస్టర్లు వేరుగా కేటాయించి, ఏది ఎవరిదో కాగితం మీద రాసి పెట్టు, పెండెంట్‌లోనూ ఒక్కోదాని పక్కన వ్యాఖ్య రాయి. మాక్రోకు విలువ పంపాలంటే, పిలిచే వరుసలోనే ఆర్గ్యుమెంటుగా పంపు. టూల్ ఫ్రేమ్ (పనిముట్టు కొన ఎక్కడుందో చెప్పే కొలత), యూజర్ ఫ్రేమ్ (పని స్థలం ఎక్కడుందో చెప్పే కొలత) మార్చే మాక్రో అయితే, పాత అంకెలు దాచుకుని బయటికి వచ్చే ముందు తిరిగి పెట్టేయాలి.

కదలిక లేని మాక్రోకు, ఏ కీళ్ల గుంపును కదపాలో చెప్పే గ్రూప్ మాస్క్‌ను నక్షత్రం గుర్తులుగా (ఏదీ కదపవద్దని) మార్చడం మరవకు. అలాంటివి షిఫ్ట్ నొక్కకుండానే మీటతో నడుస్తాయి. అయినా గ్రిప్పరు తెరిచే మాక్రోను షిఫ్ట్‌తో కలిపి నొక్కే మీటకే కట్టు. సంచి గాలిలో ఉండగా ఎవరి వేలో పొరపాటున తగలకూడదు.

ఒక్క మాక్రో మార్చితే దాన్ని పిలిచే ప్రోగ్రాములన్నీ మారినట్టే. ముందు బ్యాకప్ తీసుకో, ఎవరెవరు పిలుస్తున్నారో వెతుకు. తర్వాత, పరీక్షకు వాడే నిదాన వేగపు టీ1 మోడ్‌లో, సెకనుకు 250 మిల్లీమీటర్లు దాటని వేగంతో నడిపి చూడు. స్విచ్ వైరు కావాలని ఊడదీసి, పట్టు తప్పితే ఏమవుతుందో కూడా చూడు. నేను ఆనాడు చేయని పరీక్ష అదే.

అన్నీ ఒకేసారి మార్చకు. ఈ వారం గ్రిప్పరు మూసేది ఒక్కటే రాయి. ఆదివారం ఇక్కడికి వచ్చేటప్పుడు రిజిస్టర్ల కాగితం కూడా తీసుకురా, కూర్చుని చూద్దాం.

మీ మావయ్య