పేరు మార్చినంత మాత్రాన సరిపోదు

చిట్టీ,

నీ కాపురం సంగతి నలుగురూ చదివేలా రాయబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. వాడికి భయం. నాకూ భయమే, కాకపోతే కాస్త గర్వం కూడా. మనింట్లో ఆడవాళ్ళు ఆవకాయ కొలతలు తప్ప కాగితం మీద ఏదీ పెట్టింది లేదు. రాయి. కానీ ఇది చదివి రాయి.

ముందు నోటుబుక్కులో, తిట్లతో సహా, ఎవరికీ జడవకుండా రాసెయ్. 15 రోజులు దాన్ని ముట్టుకోకు. తర్వాత ఎర్ర పెన్సిలు తీసుకుని, ఇంకొకరి జబ్బు, జీతం, అప్పు, పోయిన కడుపు ఉన్న ప్రతి వాక్యం కిందా గీత గియ్యి. నీకు జరిగింది నీది. నీ దగ్గర ఏడ్చి చెప్పుకున్నది మాత్రం వాళ్ళదే.

ఇక అసలు తప్పు. సొంత సంగతులు రాసేవాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్నదే: పేరు మార్చి, మనిషిని దాచేశామనుకోవడం. మనిషిని పట్టిచ్చేవి చుట్టరికం, ఊరు, ఉద్యోగం, ఏడాది. వీటిలో మూడు ఒకచోట పడితే ఎరిగినవాళ్ళు ఇట్టే పోల్చుకుంటారు. పరువునష్టం కేసుకి లోకమంతా గుర్తుపట్టక్కర్లేదు, తెలిసిన నలుగురు 'ఇది ఫలానా ఆవిడే' అనుకుంటే చాలు. 'మా మేనత్త తెనాలిలో టీచరు' అని రాసి పేరు కామాక్షి అని పెడతావు. నీకు మేనత్త ఒక్కతే, అది నేను! కామాక్షి అన్నా మీనాక్షి అన్నా మా పాలబ్బాయికి కూడా తెలిసిపోతుంది. అందుకని చుట్టరికం తీసేసి 'ఇంట్లో పెద్దావిడ' అను. గొడవకి ఉద్యోగంతో పనిలేకపోతే టీచరుని బ్యాంకు గుమస్తాని చెయ్యి. ఉద్యోగమే మూలమైతే ఊరు మార్చు, ఏడాది ఎత్తెయ్. మారుపేరు మన చుట్టాల్లో ఉన్న పేరు కాకుండా చూసుకో, లేకపోతే నింద పాపం ఎరగనివాళ్ళ మీద పడుతుంది. వారంవారం రాసేటప్పుడు ఇంకో చిక్కు: ఒక వారం ఊరు, ఇంకో వారం ఉద్యోగం బయటపడతాయి. విడివిడిగా ఏమీ కాదు, కలిపితే చిరునామా. మార్చినవన్నీ ఒక కాగితం మీద రాసి ఎదురుగా అంటించుకో. ఐదో భాగానికి వచ్చేసరికి అసలు ఊరు పేరు చేతికి దానంతటదే వస్తుంది.

ఫొటోలకి లొకేషన్ ఆపెయ్.

రాజ్యాంగం 19(1)(ఎ)లో మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చింది, 19(2)లో పెట్టిన హద్దుల్లో పరువునష్టం ఉంది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో పుట్టస్వామి కేసులో 9 మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు చెప్పారు. 'నిజమే రాశాను కదా' అంటావు. సివిల్ దావాలో అది కాపాడుతుంది. భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 356వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు పెడితే, నిజమన్న మినహాయింపుకి అది ప్రజల మేలు కోసమేనని కూడా చూపాలి. శిక్ష 2 ఏళ్ళ దాకా పడొచ్చు. కాబట్టి 'వాడు దొంగ' అనకు. 'నా గొలుసు తీసుకున్నారు, తిరిగివ్వలేదు' అను, అదీ చేతిలో ఆధారం ఉంటేనే.

నాకు నిద్ర పట్టనిది మాత్రం వేరే. నీ కేసు ఇంకా కోర్టులో ఉంది. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఆ విచారణ బయటివాళ్ళు లేకుండా జరగాలి, దాని సంగతులు ప్రచురించకూడదు. జరిమానా 1,000 రూపాయల దాకానే. నవ్వకు. నువ్వు రాసింది అవతలి లాయరు జడ్జిగారి ముందు పెడితే పోయేది వెయ్యి కాదు. వాయిదాలు, పిటిషన్‌లో మాటలు, కౌన్సెలింగ్‌లో అన్నవి, ఏవీ వద్దు. ఒక్కదానివే వండుకున్న మొదటి రాత్రి గురించి రాయి. అద్దెకి వెళ్తే 'మీ ఆయన ఏం చేస్తారు' అని అడిగేవాళ్ళ గురించి కడుపారా రాయి.

బుజ్జిగాడి పేరు, బడి, యూనిఫాం ఏవీ కనిపించకూడదు. ఏడేళ్ళవాడికి వద్దనడం ఇంకా రాదమ్మా.

అమ్మ గురించిన పేరా అమ్మకి చదివి వినిపించు. 'ఇందులో తప్పేమన్నా ఉందా?', 'నలుగురికీ తెలిస్తే నీకు ఇబ్బందా?' అని రెండూ విడివిడిగా అడుగు. మొదటిదానికి లేదని చెప్పి, రెండోదానికి పలక్కుండా వంటింట్లోకి వెళ్ళిపోయిందనుకో, ఆ పేరా కొట్టెయ్.

నా గురించి రాసింది ముందు నాకు పంపు. అక్షరాలు పెద్దవి పెట్టు, కొత్త కళ్ళజోడు ఇంకా అలవాటు కాలేదు.

మీ అత్త