ఆఫీసర్ అయితే మంటల్లోకి పోనక్కర్లేదా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మెకానికల్ పూర్తి చేశాడు. రెండేళ్లుగా తిరుపతిలో రూమ్ తీసుకుని ఎస్సై పోస్టులకు ప్రిపేరవుతున్నాడు. ఇప్పుడేమో స్టేషన్ ఫైర్ ఆఫీసర్ అవుతానంటున్నాడు. అక్కడ ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు, బిల్డింగుల్లో మంటలు లేచినప్పుడు టీమ్‌ను ఎలా నడిపించాలో, కంప్యూటర్ మంటలను కళ్లముందు చూపించే వీఆర్ కళ్లద్దాలతో ఆరు నెలల్లో నేర్పి విదేశీ సర్టిఫికెట్ ఇప్పిస్తామంటున్నారు. ఫీజు లక్షా ఇరవై వేలు. ఇరవై వేలు అడ్వాన్సు కట్టేశాను. ఇది మంచిదా, నాగపూర్ ఫైర్ కాలేజీ మంచిదా, ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా మంచిదా? ఆఫీసర్‌గా చేరితే మంటల్లోకి వెళ్లే పని ఉండదు కదా? వాళ్లమ్మకు నిద్ర పట్టడం లేదు.
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: అయ్యా, మీరు అడిగిన మూడు కోర్సుల సంగతి చెప్తాను. కానీ మీ ఉత్తరంలో అసలు ప్రశ్న చివరిదే. పోలీసు ఉద్యోగం అడిగే తల్లిదండ్రులు కూడా నన్ను ఇదే అడుగుతారు, "స్టేషన్లో కూర్చునే డ్యూటీయే కదండీ" అని. పిల్లవాడికి హోదా కావాలి, ప్రమాదం మాత్రం వద్దు. ఆ కోరికలో తప్పేమీ లేదు. మీది చిత్తూరు కాబట్టి మీ ఆవిడ భయం నాకు ఇంకా బాగా అర్థమవుతుంది. 2022 సెప్టెంబరులో మీ ఊళ్లోనే పేపర్ ప్లేట్లు తయారుచేసే ఇల్లు కాలి ముగ్గురు పోయారు. కొద్ది రోజులకే రేణిగుంటలో, కింద ఆసుపత్రి పైన కాపురం ఉన్న ఇంట్లో మంటలు లేచి ఒక డాక్టరు, ఇద్దరు పిల్లలు పోయారు. అదే నెలలో సికింద్రాబాదులో, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ అంటుకుని, పొగ మెట్ల దారిలో పైనున్న లాడ్జికి పాకి ఎనిమిది మంది ప్రాణాలు తీసింది. ఇవన్నీ టీవీలో చూసిన తల్లికి నిద్ర ఎలా పడుతుంది?

కానీ మీకు నిజం చెప్పాలి. ఆఫీసర్ అయితే మంట దగ్గరికి పోనక్కర్లేదన్నది జరగని మాట. స్టేషన్ ఫైర్ ఆఫీసర్ బండితో పాటే వెళ్తాడు. అవసరమైతే లోపలికీ వెళ్తాడు. పైపు వేరేవాళ్లు పట్టుకున్నా, ఏ తలుపులోంచి లోపలికి పోవాలో, ఎవరు పోవాలో, ఎప్పుడు వెనక్కి రావాలో చెప్పేది అతనే. లోపలికి పంపిన మనుషులు తిరిగి వచ్చేదాకా వాళ్ల ప్రాణాలు అతని మాట మీదే ఉంటాయి. మీరు భయపడాల్సింది ఏమైనా ఉంటే ఆ బరువు గురించి భయపడండి. ఆ బరువు మోయడం నేర్పేదే అసలైన శిక్షణ.

ఆ శిక్షణ ఎలా ఉంటుందో నేను ఒకసారి దగ్గరగా చూశాను. ఫైర్ సర్వీసులో చేసి రిటైరైన పెద్దాయన ఒకరు తిరుపతిలో ఒక టీ కొట్టు దగ్గర, ఈ ఉద్యోగానికి ప్రిపేరవుతున్న నలుగురు కుర్రాళ్లకు ఫోన్లో ఒక ఫోటో చూపించాడు. నాలుగంతస్తుల లాడ్జి, రెండో అంతస్తు కిటికీలోంచి పొగ. ముప్పై సెకన్ల తర్వాత ఫోన్ జేబులో పెట్టేసి ఏం చూశారని అడిగాడు. "రెండో అంతస్తులో మంట సార్" అన్నాడు ఒకడు. ఆయన కోప్పడలేదు కానీ వరసగా అడుగుతూ పోయాడు. పొగ నల్లగా ఉందా, బూడిద రంగులో ఉందా? మెల్లగా తేలుతోందా, తన్నుకొస్తోందా? మెట్లు ఎటువైపు? ఒకటేనా, రెండా? కిటికీలకు గ్రిల్స్ ఉన్నాయా? కింద దుకాణం దేనిది? కరెంటు తీశారా? వెనక సందులోకి వెళ్లి చూడకుండా మనుషుల్ని లోపలికి పంపుతావా? చివరి ప్రశ్నకు నలుగురూ తలొంచుకున్నారు. "లోపల పడుకున్నవాళ్లు ఎవరు?" అని అడిగాడు. తిరుపతి లాడ్జిలో ఉండేది రాత్రి దర్శనం చేసుకొచ్చి ఒళ్లెరక్కుండా నిద్రపోయే యాత్రికులు. తమిళం, కన్నడం, మరాఠీ, హిందీ మాట్లాడేవాళ్లు. ఆ బిల్డింగులోకి పొద్దున్నే వచ్చారు, మెట్లు ఎక్కడున్నాయో సరిగా తెలియదు. తెలుగులో మైకులో అరిస్తే వాళ్లకు అర్థం కాదు. ఇదంతా ఆఫీసర్ బండి దిగిన మొదటి రెండు నిమిషాల్లో తల్లో తిరగాలి.

ఇంకో లెక్క చూడండి. మన దగ్గర మామూలుగా వాడే ఫైరింజన్ ట్యాంకులో 4500 లీటర్లు పడతాయి. నిమిషానికి 450 లీటర్లు పోసే బ్రాంచి, అంటే పైపు చివర నీళ్లు చిమ్మే గొట్టం, ఒక్కటి తెరిస్తే పది నిమిషాలు, రెండు తెరిస్తే ఐదు నిమిషాలు. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల సందుల్లో రెండో బండి ఎంతసేపటికి వస్తుందో, నీళ్లు ఎక్కడినుంచి తేవాలో తెలియకుండా ఆ వాల్వు తిప్పకూడదు. 2023 జూన్‌లో ఆ గుడి దగ్గర ఫోటో ఫ్రేముల దుకాణం కాలినప్పుడు ఆ వీధులెంత ఇరుకో ఊరంతా చూసింది. పొగలో ఊపిరి తీసుకోవడానికి వీపుకు తగిలించుకునే గాలి సిలిండర్ లెక్కా అంతే. ఆరు లీటర్ల సిలిండర్లో 300 బార్ ఒత్తిడితో సుమారు 1800 లీటర్ల గాలి ఉంటుంది. నిమిషానికి 40 లీటర్ల చొప్పున కాగితం మీద 45 నిమిషాలు. మూడంతస్తులు ఎక్కి, మనిషిని భుజాన వేసుకుంటే అందులో సగం కూడా రాకపోవచ్చు. ఎవరు ఎన్నింటికి లోపలికి వెళ్లారో బయట నిలబడి రాసుకునే మనిషి లేకపోతే ఆ ఆఫీసర్ పని రాని ఆఫీసరే.

పాత పద్ధతులు కూడా మారాయి. కిటికీలు పగలగొట్టి పొగ పంపించెయ్యాలని ఒకప్పుడు అందరూ అనుకునేవారు. 2012లో న్యూయార్క్ దగ్గర గవర్నర్స్ ఐలాండ్‌లో ఖాళీ ఇళ్లను కాల్చి పరీక్షలు చేశారు. గాలి చాలక మంట అణిగి ఉన్న గదికి తలుపు, కిటికీ తెరిస్తే అది ఒక్కసారిగా లేస్తుందనీ, ముందు బయటి నుంచి కిటికీలోకి కాసేపు నీళ్లు కొడితే లోపల వేడి తగ్గుతుందనీ కొలిచి చూపించారు. ఇప్పటి సోఫాలు, పరుపుల్లో ఉండేది ఫోమ్. పాతకాలపు సామాన్లున్న గది పూర్తిగా అంటుకోవడానికి అరగంట పట్టిన చోట, ఈ సామాన్లున్న గదికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదని అమెరికాలో పక్కపక్కన గదులు కాల్చి చూశారు. అంటే ఆఫీసర్‌కు ఆలోచించే టైమ్ తగ్గిపోయింది. 1980ల్లో గ్యారీ క్లైన్ అనే మనస్తత్వ పరిశోధకుడి బృందం అక్కడి ఫైర్ కమాండర్లను కూర్చోబెట్టి, వాళ్ల నిర్ణయాలను ఒక్కొక్కటిగా విప్పి అడిగింది. ఎక్కువసార్లు వాళ్లు రెండు మూడు దారులు పక్కపక్కన పెట్టి బేరీజు వేయలేదు. ఇలాంటిది ముందు చూశాను అని గుర్తుపట్టి, పనికొచ్చే మొదటి దారి పట్టుకున్నారు. అలా గుర్తుపట్టాలంటే ముందు చూసి ఉండాలి కదా! అందుకే మంచి ఫైర్ స్టేషన్లో ఫోటోలతో, నేల మీద సుద్దముక్కతో గీసిన బిల్డింగులతో మళ్లీమళ్లీ ప్రాక్టీసు చేయిస్తారు. ఒక్కొక్కరిని ఆఫీసర్‌గా నిలబెట్టి, రేడియోలో ఏం చెప్పాలో నోటితో చెప్పిస్తారు. ప్రమాదం అయిపోయాక కూర్చుని ఎక్కడ ఆలస్యమైందో మాట్లాడుకుంటారు.

ఇప్పుడు మీరు అడ్వాన్సు కట్టిన కోర్సు సంగతి. వీఆర్ కళ్లద్దాలు పెట్టుకుని బిల్డింగ్ మంటల్లో కమాండ్ చేయడం నేర్పుతామని ఈమధ్య చాలామంది చెప్తున్నారు. వీఆర్ మీద నాకు కోపం లేదు. పదేళ్లు సర్వీసు చేసిన ఆఫీసర్‌కు అది ఇస్తే, తను చూడని రకం ప్రమాదాలను కూడా అందులో చూసి పదును పెట్టుకుంటాడు. కానీ ఒక్కసారి కూడా పైపు మోయని కుర్రాడికి అది ఏం నేర్పుతుంది? నీళ్లు నిండిన 63 మిల్లీమీటర్ల పైపు, 15 మీటర్ల ముక్క ఒక్కటి తీసుకుంటే లోపలి నీళ్ల బరువే 45 కిలోలు దాటుతుంది. దాన్ని మెట్ల మలుపులో తిప్పడానికి ఇద్దరికి ఎంతసేపు పడుతుందో ఒళ్లు వంచి తెలుసుకున్నవాడే, "మూడో అంతస్తుకు లైన్ తీసుకెళ్లండి" అని చెప్పి ఎన్ని నిమిషాలు ఆగాలో తెలిసినవాడు. కళ్లద్దాల్లో పైపుకు బరువుండదు. పొగకు వాసనుండదు. పక్కవాడి భయం వినపడదు. పైగా అక్కడ ప్రతిసారీ ఆట మళ్లీ మొదలవుతుంది, ఎవరికీ ఏమీ కాదు. కుర్రాడికి ధైర్యం వస్తుంది కానీ అది తన కొలత తెలియని ధైర్యం. నన్ను ఎక్కువ భయపెట్టేది అదే.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్లను మూడు ప్రశ్నలు అడగండి. నేర్పేవాళ్లలో నిజంగా ఫైర్ సర్వీసులో పనిచేసినవాళ్లు ఎందరు? నిజమైన పైపు, పంపు, గాలి సిలిండరు పట్టుకునే గంటలు ఎన్ని? ఈ సర్టిఫికెట్ చూసి స్టేషన్ ఫైర్ ఆఫీసర్‌గా తీసుకునే ప్రభుత్వ నోటిఫికేషన్ ఒక్కటి చూపిస్తారా? మూడోదానికి వాళ్ల దగ్గర జవాబు ఉండదు. మన రాష్ట్రంలో 2018లో పోలీసు రిక్రూట్‌మెంట్ బోర్డు ఎస్సై, డిప్యూటీ జైలర్ పోస్టులతో కలిపే స్టేషన్ ఫైర్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. డిగ్రీ ఉంటే చాలు, శిక్షణ ఎంపికయ్యాక శాఖే ఇస్తుంది. అంటే మీవాడు రెండేళ్లుగా చదువుతున్న చదువు, చేస్తున్న పరుగు ఏదీ వృథా కాలేదు. ఈ ఒక్క మాట మీకు ఎవరూ చెప్పలేదని నాకు బాధగా ఉంది.

అయ్యా, ఇంకో మాట గట్టిగానే చెప్తాను. లక్షా ఇరవై వేల కోర్సుకు అడ్వాన్సు కట్టాక నన్ను అడుగుతున్నారు. కట్టకముందు ఒక్క ఫైర్ స్టేషన్‌కైనా వెళ్లారా? అక్కడ పనిచేసే లీడింగ్ ఫైర్‌మన్‌ను ఒక్కరినైనా పలకరించారా? కూరగాయలు కొనేటప్పుడు నాలుగు కొట్లు తిరిగే మనం, బిడ్డ బతుకు విషయంలో రంగురంగుల బ్రోచర్ చూసి డబ్బు కట్టేస్తే ఎలా? "ఆఫీసర్" అన్న ఆ ఒక్క మాట మీ కళ్లు కప్పేసింది. బంధువుల దగ్గర చెప్పుకోవడానికి అది బాగుంటుంది, నిజమే. కానీ మనుషుల్ని లోపలికి పంపే ఉద్యోగాన్ని దూరంగా నిలబడే ఉద్యోగంగా చూడటం ఆ మనుషులకు అన్యాయం. మీ అబ్బాయి మనసులో కూడా అదే ఆలోచన ఉంటే అతణ్ని ఈ దారిలోకి పంపవద్దు. అలా లేకపోతే మాత్రం ఆపవద్దు.

మిగతా రెండూ క్లుప్తంగా చెప్తాను. నాగపూర్‌లోని నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీ 1956లో మొదలైంది, కేంద్ర హోంశాఖ కింద నడుస్తుంది. దాని పేరుకు విలువ ఉంది. కానీ అక్కడి ఫైర్ ఇంజినీరింగ్ డిగ్రీ ఇంటర్ పూర్తయినవాళ్లకు. బీటెక్ చేసినవాడు మళ్లీ నాలుగేళ్లు మొదటి నుంచి చదవడం నాకైతే ఇష్టం లేదు. ఉద్యోగంలో చేరాక, ఆఫీసర్ల కోర్సులకు శాఖ పంపినప్పుడు వెళ్లనివ్వండి. ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా ఫ్యాక్టరీల దారి. శ్రీసిటీ వైపు, గల్ఫ్ వైపు చూసేవాళ్లకు, అదీ ప్రభుత్వ గుర్తింపు ఉంటేనే, పనికొస్తుంది. అది ప్రమాదం రాకుండా చూసే పని. మీవాడు అడుగుతున్నది వచ్చాక ఎదుర్కొనే పని. మరీ నోటిఫికేషన్ ఆలస్యమైతే ఎయిర్‌పోర్టుల్లోనూ శ్రీహరికోటలోనూ ఫైర్ పోస్టులు పడుతుంటాయి. వాటి మీదా ఒక కన్ను వేసి ఉంచమనండి.

మీ ఆవిడకు నా మాటగా ఇది చెప్పండి. అమ్మా, ఈ ఉద్యోగంలో ప్రమాదం లేదని నేను చెప్పను. కానీ శిక్షణ పొందిన ఆఫీసర్ మొదట నేర్చుకునేది ఎప్పుడు లోపలికి పోకూడదో. లోపల బతికి ఉన్నవాళ్లు ఎవరూ లేరనీ, కప్పు కుంగుతోందనీ తెలిస్తే మనుషుల్ని వెనక్కి పిలవడం అతని డ్యూటీ. ఒంటరిగా ఎవరినీ లోపలికి పంపరు. గాలి తగ్గితే సిలిండర్ విజిలే మోగి చెప్తుంది. మీవాడు మెకానికల్ చదివాడు. పంపు, ఒత్తిడి, వేడి అతనికి కొత్త కాదు. ఇరవై నాలుగేళ్లకే ఒక పని మీద మనసు పెట్టిన పిల్లవాడు మీ ఇంట్లో ఉన్నాడు, దానికి సంతోషించండి.

ఇక ఆ ఇరవై వేలు. రసీదు చేత్తో పట్టుకుని ఈ వారమే వెళ్లి వెనక్కి అడగండి, రాతపూర్వకంగా. తర్వాత ఒక సాయంత్రం ముగ్గురూ కలిసి చిత్తూరు ఫైర్ స్టేషన్‌కు వెళ్లండి. 1944 బొంబాయి రేవు పేలుడులో పోయిన ఫైర్ సిబ్బంది జ్ఞాపకంగా ఏటా ఏప్రిల్ 14 నుంచి వారం రోజులు వారోత్సవాలు జరుగుతాయి, అప్పుడైతే వాళ్లే పిలిచి అన్నీ చూపిస్తారు. కానీ అప్పటిదాకా ఆగకండి. బండి ఖాళీగా ఉన్న టైమ్‌లో స్టేషన్ ఆఫీసర్‌ను మర్యాదగా అడిగితే కాదనరు. మీ అబ్బాయిని ఒకసారి నీళ్లున్న పైపు పట్టుకోనివ్వమని అడగండి. వాళ్లమ్మను కూడా తప్పకుండా తీసుకెళ్లండి.